తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో మెట్టపూల పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

మెట్టపూలు అంటే ఏవి?

తొలకరికో అక్టోబరు వానకో మొలిచి, రెండు మూడు నెలల్లో పూసి, విత్తనం రాల్చి, ఎండలు ముదిరేలోగా చచ్చిపోయే మొక్కలు. శనక్కాయ చేల గట్ల మీద, చెరువు కట్టల మీద, లేఅవుట్లలో అమ్ముడుపోని ప్లాట్లలో ఇవి కనిపిస్తాయి. తుమ్మి, గునుగు, కుక్కవామింట, గిలిగిచ్చ, గువ్వగుత్తి ఇలాంటివే. వీటిని ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు. ఎండాకాలమంతా విత్తనం రూపంలో మట్టిలో పడుకుని, పదును తగలగానే లేస్తాయి. ఎడారుల్లో ఏకవార్షిక మొక్కలు, అంటే ఏడాది లోపే మొలిచి, పూసి, చచ్చిపోయేవి, బతికేది కూడా ఈ పద్ధతిలోనే.

తిరుపతి ఎడారి కాదు కదా! ఇక్కడ ఈ పద్ధతి ఎందుకు?

ఎడారి కాదు, నిజమే. మనకు రెండు రుతుపవనాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు ఈశాన్య వానలే గట్టిగా పడతాయి. పలమనేరు, కుప్పం వైపు నైరుతి మీద కూడా చాలా ఆధారపడతారు. అయితే జనవరి నుంచి మే దాకా వాన చాలా తక్కువ. మన ఎర్ర గరుసు నేల లోతు తక్కువ, తేమ నిలవదు. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అంటే ఏడాదిలో దాదాపు సగం కాలం ఈ నేల ఎండిపోయే ఉంటుంది. ఆ సగాన్ని ట్యాంకరు నీళ్ళతో గట్టెక్కించాలని చూస్తే డబ్బూ పోతుంది, తోటా పోతుంది. వానతో వచ్చి వానతో వెళ్ళిపోయే మొక్కలైతే ఆ బాధ లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏవి వేసుకోవాలి?

మొదటి ఏడాది నాలుగైదు రకాలు చాలు. నన్ను అడిగితే ఈ వరసలో చెబుతాను.

తుమ్మి ముందు. మోకాలి ఎత్తు కూడా ఉండదు. కొమ్మల మీద గుండ్రటి గుత్తులు, వాటిలోంచి తెల్లటి చిన్న పూలు. శివుడికి ప్రీతి అని శ్రీకాళహస్తి చుట్టుపక్కల పల్లెల్లో కార్తీకంలో కోసుకెళ్తారు. ఏ నేలైనా ఫరవాలేదు, గులకరాళ్ళ మధ్య కూడా మొలుస్తుంది. ఒకసారి వేస్తే మళ్ళీ వెయ్యాల్సిన పని ఉండదు.

తర్వాత గునుగు, మన దగ్గర కొన్ని ఊళ్ళలో గురుగు అంటారు. రెండు మూడడుగులు పెరిగి, కొసన వెండి రంగులో, కొంచెం గులాబీ ఛాయతో కంకులు వేస్తుంది. దీని పుట్టిల్లు ఇండియానా, ఆఫ్రికానా అని వృక్షశాస్త్రజ్ఞులు వాదించుకుంటూనే ఉన్నారు. మన చేలల్లో తరతరాలుగా ఉన్నదే కాబట్టి నేనైతే మన లెక్కలోనే వేసుకుంటాను. ఒక్క మొక్కను గోడ పక్కన పెడితే ఏమీ అనిపించదు. యాభై మొక్కలు కలిసి సాయంత్రం ఎండలో నిలబడితే దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తారు.

మూడోది గిలిగిచ్చ. నీలం, ఊదా కలిసిన పూలు, శనగపువ్వు ఆకారంలో ఉంటాయి కానీ చాలా పెద్దవి. కాయ ఎండాక కదిలిస్తే గింజలు లోపల గిలగిల మోగుతాయి. చిన్నప్పుడు దీన్ని గిలక్కాయగా ఆడుకోని పల్లెటూరి పిల్లలు తక్కువ. దీనికి తుమ్మెదలు వస్తాయి. నల్లటి పెద్ద తుమ్మెద బరువుగా పువ్వు మీద వాలి, అడుగు రేకును నొక్కి, పుప్పొడి పొట్టకు అంటించుకుని వెళ్తుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఇదంతా చూడొచ్చు. ఇది చిక్కుడు కుటుంబం మొక్క కాబట్టి వేళ్ళలోని బుడిపెలతో గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తుంది కూడా.

గువ్వగుత్తి చాలామందికి పేరు తెలియని అందగత్తె. ఆకులు గరుకుగా ఉంటాయి, పూలు లేత నీలంతో తలొంచుకుని వేలాడతాయి. రాళ్ళ నేలలో బాగా వస్తుంది, నీడ పడితే పుయ్యదు.

కుక్కవామింట పసుప్పచ్చగా పూస్తుంది, ముట్టుకుంటే జిగురు. తెల్ల పూల వామింట దీని చుట్టమే. ఈ రెండూ కలిపి వేస్తే బాగుంటుంది.

ఇవి కుదిరాక నేల మీద పాకే విష్ణుక్రాంతను, గులాబీ రంగు ఒంటి రేకు ముందుకు చాచుకుని ఉండే రత్నపురుషను, ఊదా కుచ్చులు పెట్టే సహదేవిని చేర్చుకోవచ్చు. విష్ణుక్రాంత అచ్చంగా ఏకవార్షికం కాదు, వేరు బతికే ఉండి మళ్ళీ చిగురిస్తుంది. అయినా ఆ నీలం కోసం మినహాయింపు ఇవ్వాల్సిందే. పెరట్లో తొట్టి నీళ్ళు పారే చోట ఎప్పుడూ చెమ్మగా ఉంటే అక్కడ బోడసరం వెయ్యండి. వరి కోసిన మళ్ళల్లో చలికాలంలో ఊదా రంగు గుండ్లు పూస్తాయే, అదే.

గడ్డిచామంతి, బ్రహ్మదండి కూడా ఇక్కడ వాటంతటవే పెరుగుతాయి కదా. అవీ మనవేనా?

కావు. గడ్డిచామంతి మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చింది. ముళ్ళ ఆకులు, పసుపు పూలు ఉండే బ్రహ్మదండి కూడా మెక్సికోదే. గుమ్మానికి కట్టే బంతి, పెరట్లో పెంచే జినియా, కాస్మోస్ అక్కడివే. బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చింది. పండక్కి బంతి వద్దని ఎవరూ అనరు, నేనూ అనను. కాకపోతే “వాటంతటవే పెరుగుతున్నాయి కాబట్టి మన నేలవే” అనే లెక్క కుదరదు. వలస వచ్చి స్థిరపడ్డవి చాలా ఉన్నాయి.

బ్రహ్మదండి విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను, ఇంట్లో పెంచకండి. దాని గింజలు ఆవాలను పోలి ఉంటాయి, ఆ నూనె విషం. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో ఇది కలిసి జనం కాళ్ళు వాచి చనిపోయారు. పువ్వు బాగుందని గింజ దాచిపెట్టుకునే రకం కాదిది.

వయ్యారిభామ (పార్థీనియం) కలుపును ఏం చెయ్యాలి?

పూతకు రాకముందే వేరుతో సహా పీకెయ్యాలి. చేతులకు గ్లవుజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. దీని పుప్పొడితో తుమ్ములు, ఆయాసం, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1955లో పుణెలో. ఇప్పుడు తిరుపతిలో ఖాళీ ప్లాటు ఏదైనా చూడండి, ముందు కనిపించేది ఇదే. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది కాబట్టి పూశాక పీకితే సగం పని వృథా. మీ మెట్టపూల మడిలో మొదటి రెండేళ్ళు ఉండే పెద్ద పని ఇది ఒక్కటే అనుకోండి.

విత్తనాలు ఎక్కడ దొరుకుతాయి? నర్సరీలో అడిగితే నవ్వుతున్నారు.

నవ్వుతారు. కలుపు మొక్కకు విత్తనం అమ్మడమేంటని వాళ్ళ అనుమానం. నేలవేము లాంటి మందు మొక్కలు నర్సరీల్లో దొరకొచ్చు. మిగతావి మీరే సేకరించుకోవాలి, అందులో కష్టమేమీ లేదు. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఊరి బయట గట్ల వెంట, చెరువు కట్టల మీద తిరగండి. చేను ఎవరిదైనా ఉంటే ఒక మాట అడగండి. “గడ్డి గింజలు కోసుకుంటాం అన్నా” అంటే వద్దనేవాళ్ళు లేరు, పైగా చేను మొత్తం కలుపు తియ్యమని హాస్యమాడతారు.

గునుగు కంకులను పాత చీర మీద దులిపితే నల్లగా మెరిసే గింజలు రాలతాయి. తుమ్మి గుత్తులు గోధుమ రంగుకు తిరిగాక కాగితం మీద తట్టండి. వామింట కాయలు పసుపు తిరుగుతుండగానే కొయ్యాలి, ఆలస్యమైతే పగిలి గింజలు చెల్లాచెదురైపోతాయి. గిలిగిచ్చ కాయ మోగడం మొదలుపెట్టిందంటే కోతకు వచ్చినట్టే. కనిపించినవన్నీ దోచుకోకండి, ఒక్కో చోట నాలుగింట మూడు వంతులు వదిలెయ్యండి. కాగితం కవర్లలో పోసి, పేరు, ఊరు, నెల రాసి, రెండు వేపాకులు వేసి నీడన పెట్టండి. ప్లాస్టిక్ డబ్బాలో తడి మిగిలితే బూజు పడుతుంది.

శేషాచలం కొండల నుంచి తెచ్చుకోవచ్చా? తలకోన వెళ్ళినప్పుడు చాలా పూలు చూశాం.

వద్దు. తలకోనతో సహా ఆ అడవిలో పెద్ద భాగం శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడి నుంచి మొక్క, గింజ, ఏదీ తియ్యకూడదు. ఎర్రచందనం వల్ల అక్కడ నిఘా ఎక్కువ, సంచిలో గింజలతో దొరికితే మీరు చెప్పే కథ వినే ఓపిక ఎవరికీ ఉండదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొండ మీద చెట్ల నీడలో, బండల సందుల్లో పెరిగేవి మన ఇంటి ముందు ఎండలో బతకవు. గట్టు మీది మొక్కే మన వాకిలికి తగినది.

ఎప్పుడు చల్లాలి?

తేదీ కంటే పదును ముఖ్యం. మీ ఇల్లు ఎటు ఉంది అన్నది కూడా చూసుకోవాలి.

కుప్పం, పలమనేరు, పుంగనూరు వైపు వాళ్ళు జూన్, జూలై వానలకే చల్లొచ్చు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో రైతులు శనక్కాయ వేసే సమయమే మీకూ అదును. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు వాళ్ళు ఆ సమయంలో చల్లితే ఒక ఇబ్బంది ఉంది. ఒక వానకు మొలుస్తాయి, తర్వాత చాలా రోజులు చినుకు పడకపోతే మొలకలు మాడిపోతాయి. అందుకని ఇటువైపు వాళ్ళు సెప్టెంబరు చివర్లో, హస్త కార్తె దగ్గర చల్లడం మంచిది. అప్పుడు మొలిచినవి అక్టోబరు, నవంబరు వానలు తాగి, డిసెంబరు, జనవరిలో పూస్తాయి. సగం విత్తనం జూన్‌లో, సగం సెప్టెంబరులో చల్లి చూసుకోవడం ఇంకా భద్రం. మొదటిది పోయినా రెండోది మిగులుతుంది.

తుపాను హెచ్చరిక ఉన్న వారంలో మాత్రం చల్లకండి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారినప్పుడు మట్టితో సహా కొట్టుకుపోయిన పెరళ్ళు ఉన్నాయి. వాలుగా ఉన్న చోట అడ్డంగా రాళ్ళ వరస పేర్చుకుంటే నీటి వేగం తగ్గుతుంది, గింజ ఆగుతుంది.

చల్లి నెలైంది, ఒక్కటీ మొలవలేదు. విత్తనం చచ్చిపోయిందా?

చాలావరకు చావదు, నిద్రపోతుంటుంది. ఈ మొక్కలకు అదొక రక్షణ. ఒక్క చినుకుకు అన్నీ మొలిస్తే తర్వాతి ఎండకు వంశమే పోతుంది. అందుకే కొన్ని ఈ ఏడాది, కొన్ని వచ్చే ఏడాది, కొన్ని ఇంకా తర్వాత మొలిచేలా ఏర్పాటు చేసుకున్నాయి.

ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1940ల్లో కాలిఫోర్నియా ఎడారి మట్టి మీద చేసిన ప్రయోగాలు ఈ సంగతిని బాగా చూపిస్తాయి. పైనుంచి దాదాపు 25 మిల్లీమీటర్ల వాన పడినట్టు నీళ్ళు చల్లితే గింజలు మొలిచాయి. అదే మట్టిని అడుగు నుంచి తడిపితే మొలవలేదు. తేమ ఒక్కటే చాలదు, గింజను ఆపి ఉంచే పదార్థాన్ని వాన కడిగెయ్యాలి. అక్కడి గింజల సంగతి ఇది. మన మొక్కలన్నిటికీ ఇదే వర్తిస్తుందని చెప్పలేం గానీ, నాలుగు చుక్కలు చిలకరించి మొలకల కోసం ఎదురుచూడకూడదన్న సంగతి మాత్రం మనకూ పనికొస్తుంది. తడిపితే బాగా తడపాలి.

రకాన్ని బట్టి చెయ్యాల్సింది కూడా మారుతుంది. గిలిగిచ్చ గింజ పెంకు గట్టిది, నీళ్ళు లోపలికి పోవు. గరుకు ఇసకలో వేసి అరచేతుల మధ్య నలపండి, లేదా కాగిన నీళ్ళు దించి పోసి ఆ రాత్రంతా నాననివ్వండి. ఉబ్బినవి చల్లండి, ఉబ్బనివాటిని మళ్ళీ నలపండి. వామింట గింజ కొత్తదైతే మొలవదు, కొన్ని నెలలు పాతబడాలి. దాని మీద పలుచగా మన్ను కప్పాలి. తుమ్మి, గునుగు గింజలు సన్నవి. వాటిని లోతుగా పూడ్చకండి, పైన చల్లి చేత్తో అదిమితే చాలు.

ఇక చీమలు. చల్లిన రోజే వరస కట్టి మోసుకెళ్తాయి. గుప్పెడు ఇసకలో చెంచాడు విత్తనం కలిపి, మట్టి తడిగా ఉన్నప్పుడు సాయంత్రం పూట చల్లితే నష్టం తగ్గుతుంది.

నేలలో ఎంత ఎరువు వెయ్యాలి?

వెయ్యొద్దు. వర్మీ కంపోస్టు, పశువుల ఎరువు, కోకోపీట్, ఏవీ అక్కర్లేదు. బలమైన నేలలో గునుగు మనిషెత్తు పెరిగి వానకు పడిపోతుంది, తుమ్మి ఆకులే వేసి పూలు తగ్గిస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, ఎరువు వేసిన చోట వయ్యారిభామ, గడ్డి ముందుగా లాభపడతాయి.

చెయ్యాల్సింది పై మట్టిని రెండు మూడు అంగుళాలు గీకి గుల్ల చెయ్యడం. కొత్తగా కట్టిన ఇళ్ళలో సిమెంటు పెళ్ళలు, సున్నం ముద్దలు ఏరెయ్యండి. గులకరాళ్ళు ఉంటే ఉండనివ్వండి. లోతుగా తవ్వకండి, తవ్వితే ఏళ్ళ తరబడి అడుగున పడుకున్న కలుపు గింజలు పైకి వస్తాయి. నీళ్ళు నిలిచే చోటైతే నాలుగంగుళాలు ఎత్తు చేసుకోండి. ఎండ రోజుకు ఆరు గంటలు తగలాలి. నీడ తప్పని చోట నేలవేము వెయ్యండి, సరిపెట్టుకుంటుంది.

నీళ్ళు?

చల్లిన తర్వాత పది రోజులు పై మట్టి ఆరకూడదు. వాన లేకపోతే చిల్లుల మూతి ఉన్న రోజ్ క్యాన్‌తో సన్నగా తడపండి, పైపు పెట్టి కొడితే గింజలన్నీ ఒక మూలకు చేరతాయి. నాలుగాకులు వచ్చాక ఎనిమిది, పది రోజులు వాన లేనప్పుడు ఒకసారి లోతుగా తడిపితే సరి. బోరు నీళ్ళు ఫరవాలేదు. జనవరి తర్వాత పూర్తిగా ఆపెయ్యండి.

మొలకల్లో ఏది పూల మొక్క, ఏది కలుపు? అన్నీ ఒకేలా ఉన్నాయి.

మొదటి ఏడాది అందరికీ ఇదే టెన్షన్. ఒక ఉపాయం ఉంది. చల్లే రోజే ఒక్కో రకం గింజలు పది, ఒక్కో పాత టీ కప్పులో వేసి, పేరు రాసి పెట్టండి. మడిలో మొలిచినదాన్ని కప్పులో మొలిచినదానితో పోల్చుకోండి. వామింట మొలక ఆకు మూడు నుంచి ఐదుగా చీలి ఉంటుంది. తుమ్మి ఆకును నలిపితే ఘాటైన వాసన. గువ్వగుత్తి ఆకు గీరుకుంటుంది. వయ్యారిభామ ఆకు క్యారెట్ ఆకులా చీలి, నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకుంటుంది. అనుమానం ఉన్నదాన్ని ఇంకో వారం ఉంచండి. పల్లేరు కనిపిస్తే మాత్రం ఆలోచించకండి. దాని పసుపు పువ్వు ముద్దుగానే ఉంటుంది, తర్వాత వచ్చే కాయను చెప్పుల్లేని పిల్లలు తొక్కితే తెలుస్తుంది.

వెన్నవెదురు నీలం పువ్వు చూసి మోసపోయేవాళ్ళు చాలామంది. అది నేల పైనే కాక మట్టి లోపల కూడా విచ్చుకోని పూలు పూసి గింజ కడుతుంది. ముక్క తెగితే ఆ ముక్క మళ్ళీ వేరు పోస్తుంది. ఒక కుండీకి పరిమితం చెయ్యగలిగితేనే పెట్టుకోండి.

మాది అపార్ట్‌మెంటు. మిద్దె మీద కుండీల్లో వస్తాయా?

తుమ్మి, విష్ణుక్రాంత, రత్నపురుష, కుక్కవామింట వస్తాయి. కుండీ లోతు కంటే వెడల్పు ముఖ్యం. ఎర్రమట్టి రెండు పాళ్ళు, గరుకు ఇసక ఒక పాలు, అడుగున చిల్లి పెద్దది. మిద్దె మీద వేడి ఎక్కువ కాబట్టి నీళ్ళు మూడు రోజులకోసారి కావాలి. గిలిగిచ్చ కుండీలో గిడసబారుతుంది. పూసి ఎండిన కుండీని పారబొయ్యకండి. మట్టిని అలాగే ఎండాకాలం దాటించి, మొదటి వానకు ఆరుబయట పెట్టండి, మళ్ళీ మొలుస్తుంది.

ఎండిపోయాక చూడటానికి అసహ్యంగా ఉంది. పీకెయ్యొచ్చా?

ఫిబ్రవరి చివరి దాకా ఆగండి. ఎండిన కంకిలోనే వచ్చే ఏటి తోట ఉంది, గింజ రాలేదాకా దాన్ని కదపకూడదు. జీనువాయి పిట్టలు, పిచ్చుకలు గునుగు గింజల కోసం వస్తాయి. ఎండిన గిలిగిచ్చ కొమ్మల మీద నారింజ రెక్కలకు నల్ల అంచులుండే సీతాకోకచిలుకలు గుంపుగా వాలి పీలుస్తూ కనిపిస్తాయి. ఆ మొక్కలో ఉండే ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు వాటిలో మగవాటికి కావాలి. ఆడదాన్ని ఆకర్షించే వాసనను దాంతోనే తయారు చేసుకుంటాయి.

మార్చిలో నేలకు నాలుగంగుళాలు పైన కోసి, కోసినదాన్ని అక్కడే పరిచెయ్యండి. వేరు పీకొద్దు, ఊడ్చొద్దు, నిప్పు అసలే పెట్టొద్దు. నిజం చెప్పాలంటే మార్చి నుంచి మే దాకా ఆ మడి బోడిగానే ఉంటుంది. ఆ మూడు నెలలు ఓర్చుకోలేనివాళ్ళకు ఈ తోట సరిపడదు, వాళ్ళు కాగితంపూలు పెంచుకోవడం మంచిది. మధ్యేమార్గంగా ఒక తంగేడు పొద, రెండు కనకాంబరాలు అంచున పెట్టుకుంటే పచ్చదనం కొంత ఉంటుంది.

పక్కింటివాళ్ళు పిచ్చిమొక్కలు, పాములు, దోమలు అంటున్నారు.

దోమ పుట్టేది నిలవ నీళ్ళలో. డెంగీ దోమ కూలరులో, పాత టైరులో, మూత లేని డ్రమ్ములో గుడ్లు పెడుతుంది, తుమ్మి ఆకు మీద పెట్టదు. పాము వచ్చేది ఎలుకల కోసం, దాక్కోవడానికి ఇటుకల కుప్ప, కట్టెల మోపు ఉంటే. అవి తీసెయ్యండి. గోడకు, మడికి మధ్య మూడడుగుల దారి గచ్చుగా ఉంచండి. రాత్రి పూట టార్చి లేకుండా మడిలోకి దిగకండి, ఏ తోటకైనా ఈ జాగ్రత్త మామూలే.

“పిచ్చిమొక్కలు” అనే మాటకు మందు అంచు. మడి చుట్టూ ఇటుకలు వరసగా పాతి, ముందు వైపు పొట్టివి, వెనక పొడుగువి ఉండేలా చూసుకుంటే కావాలని పెంచినట్టు కనిపిస్తుంది. వినాయక చవితికి ముందు రోజు మీ పెరట్లోంచి విష్ణుక్రాంత, ఉత్తరేణి పత్రి ఇచ్చి చూడండి, మాట మారుతుంది.

పిల్లలకు, పశువులకు ప్రమాదం ఉందా?

గిలిగిచ్చ, గువ్వగుత్తి రెండింటిలోనూ కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లు ఉన్నాయి. ముట్టుకుంటే ఏమీ కాదు, తినకూడదు. ఆవులు, మేకలు ఇంట్లో ఉంటే కంచె వెయ్యండి, కోసిన కొమ్మలు మేతలో కలపకండి. గిలక్కాయతో ఆడే పిల్లలు గింజలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోవాలి.

మరి తినదగినవి?

వామింటాకు, లేత గునుగాకు, తుమ్మి ఆకు కూరగా వండుకునేవే. మడిలో గంగపాయల కూర దానంతటదే వస్తుంది, పప్పులో వేసుకోవచ్చు. కొంచెం వదిలెయ్యండి కూడా, ఒక జాతి సీతాకోకచిలుక దాని మీద గుడ్లు పెడుతుంది. ఆ జాతిలో ఆడది, జిల్లేడు మీద పెరిగే చేదు సీతాకోకచిలుక వేషం వేసుకుని పిట్టల నుంచి తప్పించుకుంటుంది. రోడ్డు పక్కన, మందు కొట్టిన చేలో కోసిన ఆకు మాత్రం తినకండి.

గిలిగిచ్చ కాయల్లో పురుగులున్నాయి. మందు కొట్టాలా?

నలుపు, తెలుపు, నారింజ మచ్చలుంటే అది ఆ మొక్క మీద బతికే చిమ్మట పురుగు. కాయల్లో సగం తింటుంది, మిగతా సగం మీకు చాలు. మందు కొడితే తుమ్మెద కూడా రాదు. పేనుబంక పడితే నీళ్ళ ధారతో కడగండి, తగ్గకపోతే వేపగింజల కషాయం.

కాలిఫోర్నియా ఎడారి పూల ఫొటోలు చూశాం. ఆ విత్తనాలు ఇక్కడ వేస్తే?

2005లో, 2016లో డెత్ వ్యాలీ నిండా పూసినవి చూసే ఉంటారు. అక్కడి పాపీలు, లూపిన్లు, పసుపు పూల జెరేయా శరదృతువు వానకు మొలిచి, చల్లటి చలికాలంలో మెల్లగా ఎదిగి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య పూస్తాయి. వాటికి కావాల్సింది పొడి గాలి, చలి. మన నవంబరులో ఉండేది తేమ, ఉక్క. తిరుపతిలో డిసెంబరు రాత్రి కూడా వాటికి వెచ్చనే, మొలక కుళ్ళిపోయే అవకాశం ఎక్కువ. పలమనేరు, కుప్పం ఎత్తు మీద ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్ళు డిసెంబరులో కాలిఫోర్నియా పాపీని కుండీలో ప్రయత్నించొచ్చు. నారు పోసి మారిస్తే బతకదు, ఉండే చోటే చల్లాలి. నేలలో మాత్రం వెయ్యకండి. చిలీ దేశంలో అది తోట దాటి కొండల మీదికి పాకింది. వయ్యారిభామతో పడుతున్నది మనకు చాలు.

రెండో ఏడాదికి గునుగు ఒక్కటే మిగిలింది. మిగతావి ఏమయ్యాయి?

గునుగు గింజ ఎక్కువ, ఎత్తు ఎక్కువ, నీడ పరిచి పొట్టివాటిని అణిచేస్తుంది. మొలకలు జానెడు ఎత్తుకు రాగానే మూడింట రెండు వంతులు పీకెయ్యండి, లేతగా ఉంటాయి కాబట్టి కూరకు పనికొస్తాయి. పూత అయ్యాక సగం కంకులు గింజ రాలకముందే కోసి పక్కన పెట్టండి. ఖాళీ అయిన చోట తుమ్మి, రత్నపురుష గింజలు మళ్ళీ చల్లండి. గిలిగిచ్చ కనిపించకపోతే కంగారు పడొద్దు, గట్టి పెంకు గింజలు మట్టిలోనే ఉంటాయి. ఇంకో ఏడాది చూసి, అప్పటికీ రాకపోతే మళ్ళీ గట్ల మీదికి వెళ్ళి తెచ్చుకోవడమే.